దాలమ్మ తల వంచుకుంది

దాలమ్మ గుడ్డ సంచిలో అటుకుల మూట పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. దాని మీద పొందూరు పంచె మడిచి పెట్టబోతూ ఆగింది.

“ఇది పాడైపోతాది మావా. పాతది పెట్టనా?”

“అదే పెట్టు” అన్నాడు జోగయ్య, గుమ్మంలో నిలబడి చుట్ట ముట్టించుకుంటూ.

“వాయుగుండం వస్తాదని రేడియోలో సెప్పినారు. ఊళ్లో ఎవుల్నీ కదలొద్దని నానే సెప్పినాను. ఇప్పుడు నువ్వే ఎల్తానంటే నా మొకం ఎక్కడెట్టుకోను?”

“మాటిచ్చీసినాను.”

“ఎన్నాళ్లకొస్తావు?”

“తెలీదు. ఎవులైనా అడిగితే నీకు తోచింది సెప్పు.”

సంచి భుజాన వేసుకుని, మసక వెలుతుర్లో సరుగుడు తోట వైపు నడిచాడు జోగయ్య. దాలమ్మ గుమ్మం దాటలేదు. పక్కింటి తవిటమ్మ చూస్తుందేమోనని తలుపు దగ్గరగా వేసేసింది.

ఆ జాలరి పేటలో అక్షరం ముక్క వచ్చిన ఆడది దాలమ్మ ఒక్కతే. బడికి వెళ్లి నేర్చుకున్నది కాదు. కొట్టులోంచి వచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుంటూ నేర్చుకుంది. సాయంత్రం పంచాయతీ రేడియో మోగితే అందరూ ఆమె చుట్టూ చేరేవారు. “నైరుతి బంగాళాఖాతంలో వాయుగుండం, వాయవ్య దిశగా...” అని రేడియో అంటుంటే, “దచ్చినం కాడ పుట్టినాది, మనేపే వస్తన్నాది” అని దాలమ్మ చెప్పేది. కిందటిసారి ఆమె మాట విని అందరూ ఒడ్డున కూర్చుంటే తుఫాను ఎటో మళ్లిపోయింది. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లవాళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. అయినా ఈసారి కూడా ఆమె మాటకే తెప్పలన్నీ ఇసక మీదకు లాగేశారు.

తెల్లవారాక తవిటమ్మ ఖాళీ గంపతో వచ్చింది.

“జోగయ్య ఏడే? మా వల బాగు సేస్తానన్నాడు.”

“ఎల్లిపోనాడు.”

“ఎక్కడికి? అవతలి పేట పడవ మీదికేటి?”

అవతలి పేటలో పెద్ద పడవలున్నాయి. వాటి మీద జోగయ్య కూలికి వెళుతుంటాడు. దాలమ్మ తల వంచుకుంది.

“ఓలమ్మో! రండర్రా, ఇది ఇన్నారా! మా మొగుళ్లని ఒడ్డున కూకోబెట్టి, తన మొగుణ్ని ఏటకి తోలీసినాది! మాకు వాయుగుండం, దీనికి సేపలు!”

చుట్టూ చేరిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. దాలమ్మ చెవులు కాలిపోయాయి. ఒక్క మాట అంటే ఆ నవ్వు ఆగిపోయేది. ఆ మాట ఆమె అనలేదు.

మర్నాడు మంగళవారం. తూర్పు గాలి మొదలైంది. కళింగపట్నంలో ప్రమాద సూచిక ఎగరేశారని ఎవరో కబురు తెచ్చారు. మధ్యాహ్నానికి రెండు పేటల మధ్య పారే గెడ్డ పొంగి అవతలికి దారి తెగిపోయింది. తెగే ముందు అందిన చివరి కబురు ఒక్కటే: అక్కడి పడవ ఒకటి ఇంకా రాలేదు.

దాలమ్మ ఒడ్డుకు పరుగెత్తేసరికి ఆమె తమ్ముడు కొండబాబు ఒంటరిగా తెప్ప కట్టుకుంటున్నాడు. మగవాళ్లు వద్దంటున్నారు. అతను వినడం లేదు.

“కొండా, ఎల్లకురా!”

“బావ ఆ పడవ మీదున్నాడు కదప్పా. ఎలా కూకోమంటావు?”

“ఆడికేటీ కాదు.”

“నీకెలా తెలుసు?”

దాలమ్మ చుట్టూ చూసింది. ముందు తవిటమ్మ, ఆమె వెనక పేటలోని ఆడవాళ్లందరూ. అందరి కళ్లూ ఆమె నోటి మీదే ఉన్నాయి. దాలమ్మ పెదవులు కదిలాయి.

“రేడియోలో... రేడియోలో సెప్పినారు కదరా, ఎల్లొద్దని.”

“ఆ మాట నీ మొగుడే ఇన్లేదు, నానింతానేటి?” కొండబాబు నవ్వాడు. “సూస్తుండు, సెవట్టుకుని లాక్కొస్తాను. గెంజి కాసి ఉంచు.”

దాలమ్మ ఇసకలో కూలబడి అతని కాళ్లు పట్టుకుంది. “నీకు మొక్కుతాను, ఇనరా! ఆడి కోసం నువ్వు పోవద్దు!”

తవిటమ్మ ఆమెను రెక్క పట్టి లేపింది. “సిగ్గు లేదేటే నీకు? నీ మొగుడి కోసం ఆడు పేనం ఒడ్డుతానంటే అడ్డడతావా?”

సిగ్గు అనే మాట వినగానే దాలమ్మ చేతులు వదులయ్యాయి. తెప్ప మొదటి కెరటం ఎక్కింది, రెండోది దాటింది. ఆపైన వాన తెర దించేసింది.

తుఫాను ఈసారి మళ్లిపోలేదు. ఆ రాత్రి, మర్నాడు పగలంతా కొట్టింది. శుక్రవారం గెడ్డలో నీరు తీయగానే అవతలి పేట నుంచి మనిషి వచ్చాడు. రాని పడవ గాలికి ఉత్తరంగా కొట్టుకుపోయి బారువ దగ్గర ఒడ్డెక్కిందట. అందరూ క్షేమమట.

తవిటమ్మ తడిసిన చీర కుచ్చెళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“ఒసే దాలీ! నీ మొగుడు బతికున్నాడే! పడవ దొరికినాదంట!”

దాలమ్మ నేల మీద బోర్లా పడి, “కొండా, నా కొండా” అని నెత్తి బాదుకుంటూ ఏడ్చింది.

“ఇదేటే ఇది! తమ్ముడి కోసం ఏడిస్తే ఏడిసినాది, మొగుడు బతికినాడంటే ఒక్క మాటైనా అడగదేటి?” అని ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు.

దాలమ్మకు తెలిసుండగానే మరో ఆడదాన్ని వెంటబెట్టుకుని ఆ సోమవారం బరంపురం రైలెక్కిన జోగయ్య పున్నమి దాటాక ఇల్లు చేరాడు. కొండబాబు మాత్రం, అరవై ఏడు కార్తీకంలో ఆ మంగళవారం వెళ్లినవాడు, మరి రాలేదు.