పదిహేడో గొంతు

"పదహారు కోర్ల కంప్యూటరే కావాలి. ఇంక దాని గురించి మాట్లాడకండి" అన్నాడు యెషయా, కంచం ముందు కూర్చుంటూ.

"ఎనిమిది చాలు తాతయ్యా. కానీ స్పీడున్నవి కావాలి." మూడో రోజుకి కూడా జాయ్సీ తగ్గలేదు.

"మన క్వయర్‌లో ఎంతమందే?"

"పదహారు."

"మరి? గొంతుకో కోరు. ఎనిమిదే తెస్తే మిగతా ఎనిమిది మంది ఎక్కడ నిలబడతారు?"

విన్సెంట్ నవ్వాడు. కృపామణి మామగారి అన్నం మెత్తగా పిసికి, చారు పోసి ఇచ్చింది. ముద్ద దిగడం కష్టంగా ఉందాయనకి.

వచ్చే సోమవారమే ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు.

చర్చిలో నలభై ఏళ్ళు క్వయర్‌ని నడిపించిన మనిషి. తను రాసుకున్న పాట ఒక్కటైనా తన గొంతుతో మిగలాలని ఆయన కోరిక. క్వయర్‌లో పదహారు మందీ ఒక్కొక్కరే మధురానగర్‌లోని ఇంటికొచ్చి, జాయ్సీ లాప్‌టాప్‌లో పాడి వెళ్ళారు. అన్నీ కలిపి వినిపించమంటే అది బిగుసుకుపోతోంది. ఆ పదహారు మీద పదిహేడో గొంతు ఎక్కాలి. అది ఆయనది. అందుకే కొత్త కంప్యూటర్ కొంటున్నారు; దాని లోపల పనులు పంచుకునే మెదళ్ళే ఈ కోర్లు.

"వాళ్ళు పాడేసి వెళ్ళిపోయారు తాతయ్యా. వాటిని నింపాదిగా కలుపుకోవచ్చు. నువ్వు పాడేటప్పుడు మాత్రం నీ గొంతు అప్పటికప్పుడు నీ చెవికి రావాలి. ఆ పనంతా ఒక్క కోరు మీదే పడుతుంది. అది చురుగ్గా లేకపోతే నీ పాట నీకే లేటుగా వినిపిస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"యూట్యూబ్‌లో చూశా."

"అయితే ఆ యూట్యూబ్‌నే తీసుకొచ్చి పాడించు."

అందరూ నవ్వారు.

"పెద్దాయన ముచ్చట పడుతుంటే ఎందుకే అడ్డం పడతావ్?" అని కూతుర్ని కసిరింది కృపామణి.

మర్నాడు జాయ్సీకి పరీక్ష. విన్సెంట్, కృపామణి ఇద్దరే అమీర్‌పేటలో మొదటి అంతస్తులో ఉన్న దినేశ్ కంప్యూటర్ షాపుకి వెళ్ళారు.

"రెండున్నయ్ సార్. ఇది ఎనిమిది కోర్లు, మస్తు స్పీడు. గిది పదహారు, స్పీడు జర తక్కువ. రేటు సేమ్. ఏది ప్యాక్ చెయ్యమంటరు?"

"సోమవారం మా నాన్నగారికి గొంతు ఆపరేషనండీ. ఆ లోపల ఆయన పాట రికార్డు చెయ్యాలి. పదహారుదే ఇవ్వండి" అన్నాడు విన్సెంట్.

దినేశ్ డబ్బా కోసం పై అంతస్తుకి వెళ్ళాడు. బండి తీయమని కింద ఎవరో హారన్ మోగిస్తుంటే విన్సెంట్ మెట్లు దిగాడు.

మూల స్టూల్ మీంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. మాసిన చొక్కా. మెడకి తెల్లటి గుడ్డ. మడిచిన కాగితం ఒకటి రెండు చేతులతో కృపామణికి అందించాడు. నోరు కదిలింది. మాట రాలేదు.

పంజగుట్ట సిగ్నల్ దగ్గరా, సిటీ బస్సుల్లోనూ ఇలాంటి కాగితాలు కృపామణి ఎన్ని చూడలేదు! మూగవాణ్ణి, ధర్మం చెయ్యండి అని ఉంటుంది. విప్పి చదవక్కర్లేదు.

పర్సులోంచి పది నోటు తీసి, కాగితంతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"వెళ్ళు తాతా, వెళ్ళు."

ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ కాగితమే చాపాడు.

"ఇంక లేదు. అడిగిన వాళ్ళందరికీ ఎక్కణ్ణుంచి తెస్తాం?" అని ఆమె మొహం తిప్పుకుంది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పది నోటు కౌంటర్ మీద పెట్టి మెట్లు దిగిపోయాడు.

'పది రూపాయలు కూడా ఆనలేదు మహానుభావుడికి' అనుకుంది కృపామణి.

శుక్రవారం యెషయా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి చరణం ఎత్తుకున్నాడు. రెండో మాటకే ఆగిపోయాడు.

"నా వెనక ఇంకెవరో పాడుతున్నారే?"

"అది నువ్వే తాతయ్యా" అంది జాయ్సీ, ఏడుపు గొంతుతో.

ఆలస్యం తగ్గిస్తే చెవిలో టపటపమని చప్పుడు. చప్పుడు తగ్గిస్తే మళ్ళీ ఆలస్యం. హెడ్‌ఫోన్స్ తీసేస్తే క్వయర్ వినపడదు. శనివారం ఫోన్ చేస్తే, మార్చి ఇస్తానుగానీ ఎనిమిది కోర్లది అమ్ముడుపోయింది, ఇంకోటి మంగళవారానికి గాని రాదన్నాడు దినేశ్.

రోజుకి పావుగంటే పాడమన్నాడు డాక్టరు. మూడు రోజుల పావుగంటలూ మొదటి చరణం దగ్గరే కరిగిపోయాయి.

ఆదివారం యెషయా హెడ్‌ఫోన్స్ తీసి మనవరాలి ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు చెప్పిందే నిజం తల్లీ. చాల్లే."

ఆపరేషనయ్యాక పది రోజులకి ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు. మెడకి తెల్లటి గుడ్డ. మధ్యాహ్నం మంచం మీద లేచి కూర్చుని, మడిచిన కాగితం ఒకటి రెండు చేతులతో కోడలికి అందించాడు. నోరు కదిలింది. మాట రాలేదు.

'మంచినీళ్ళు' అని ఉంది అందులో.

కృపామణి ఆయన చేతికి గ్లాసు అందించి, ఆ కాగితాన్ని మళ్ళీ మడిచింది. ఆ వెంటనే చెప్పులేసుకుని అమీర్‌పేట వెళ్ళి, మెడకి గుడ్డ ఉన్న ముసలాయన గురించి అడిగింది.

"సారయ్య సారా?" అన్నాడు దినేశ్. "దినాం వచ్చి గా మూలకే కూసునేటోడు అమ్మా. మీరొచ్చి పోయిన కాన్నుంచి వస్తలేడు. ఏమైందో ఏమో."

ఏమైందో కృపామణికి తెలుసు. ఆమె ఆ స్టూల్ మీదే కూర్చుని, ఆయన సంగతంతా అడిగి తెలుసుకుంది. ఇంటి అడ్రసు రాయించుకుంది.

సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక, ఎవరూ లేవకముందే మెల్లగా చెప్పింది.

"రేపు పొద్దున నేను ఎర్రగడ్డ వెళ్తున్నాను. ఒకాయన్ని క్షమించమని అడగాలి."

"ఎవర్ని?" అన్నాడు విన్సెంట్.

మంచం మీంచి యెషయా కూడా ఆమె వంకే చూస్తున్నాడు.

"ఆ రోజు షాపులో ఒకాయన్ని బిచ్చగాడనుకుని, ఇచ్చిన కాగితం చదవకుండా నేనే పంపించేశాను; చదివాకే పదహారుది కొన్నామనుకున్నాడట దినేశ్. గొంతు తీసేసే ముందు తన పాట దాచుకుందామని ఆయనా మనలాగే ఎక్కువ కోర్లది కొని, ఒక్క చరణం కూడా పాడలేకపోయారట. అలాంటివాళ్ళు ఇంకెవరైనా వస్తే ముందే చెబుదామని ఆరేళ్ళుగా రోజూ ఆ మూల కాచుకుని కూర్చున్నారట."