రోడ్డుకు అవతలివాడు

“ఇంటిపన్ను నంబరు చెప్పండి,” అంది లోర్నా తలెత్తకుండా.

“నాకెక్కడిదమ్మాయ్ నంబరు. నేను రోడ్డుకు అవతలివాణ్ని,” అన్నాడు ముసలాయన.

మెరిబ్రూక్ కౌన్సిల్ కౌంటరు దగ్గరికి అతను రావడం ఆ నెలలో మూడోసారి. బస్‌స్టాపులో ఒక బెంచీ వేయించమని అడుగుతాడు. బస్‌స్టాపేమో ఈ కౌన్సిల్‌ది. నిలబడలేని మోకాళ్లేమో పక్క కౌన్సిల్‌వి.

“ఇక్కడ పన్ను కట్టేవాళ్ల అర్జీలే తీసుకుంటాం, పెద్దాయనా.”

“మా పిల్లి రోజూ మీ వైపుకొచ్చి ఎలకలు పడుతుంది. పోనీ, దాని పేరున రాసుకో.”

లోర్నా నవ్వలేదు. నంబరు లేనివాడి పేరు రాయడానికి అర్జీ కాగితంలో గడి లేదు. అందుకని పేరూ అడగలేదు.

ఆమె తొందర ఆమెది. రెండు వారాల్లో కౌన్సిల్‌కు యాభై ఏళ్లు నిండుతున్నాయి.

అంతకుముందు మెరిబ్రూక్ ఒక పెద్ద కౌన్సిల్‌కు అడుగునపడ్డ మూల. అప్పట్లో బండి బురదలో దిగబడితే పైకి బండివాడి టోపీ ఒక్కటే కనబడేదట. టోపీ ఎత్తి చూస్తే అడుగున అతను తాపీగా చుట్ట కాలుస్తూ ఉండేవాడట. దీపాల్లేవు, మురుగు కాలవల్లేవు. చివరికి మూడు వందల మంది ఒక అర్జీ మీద సంతకాలు పెట్టి వేరే కౌన్సిల్‌గా విడిపోయారు.

వాళ్లలో బతికున్నవాళ్లను ఒక్కరినైనా వేదిక మీద కూర్చోబెట్టాలని మేయరు పట్టు. వెతికే పని లోర్నాది. మెరిబ్రూక్‌లోని ప్రతి ఇంటికీ ఉత్తరం వేసింది. ఒక్క జవాబూ రాలేదు.

ఉత్సవానికి ముందురోజు, శుక్రవారం, ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం నుంచి ఆ పాత అర్జీ నకలు వచ్చింది. పేర్లన్నీ నిరుటి శ్మశానం జాబితాతో పోల్చి, ఊరు విడిచిపోయినవాళ్లను తీసేస్తే ఒకటి మిగిలింది.

క్లెమ్ హాడో, ఇంటి నంబరు 41, క్వారీ రోడ్డు.

బేసి సంఖ్య. ఆ రోడ్డులో బేసి సంఖ్యలన్నీ అవతలి వరసవి, పక్క కౌన్సిల్‌వి. ఉత్తరాలు అటు వెళ్లలేదు.

లోర్నా రోడ్డు దాటింది. తలుపుకు తాళం. మెట్టు మీద పిల్లి.

“క్లెమ్ కోసమా?” అంది పక్కింటావిడ కంచె మీంచి, లోర్నా మెడలోని కౌన్సిల్ కార్డు చూస్తూ. “బుధవారమే పూడ్చిపెట్టాం. బెంచీ కోసమని మీ ఆఫీసుకే కదా తిరిగేవాడు.”

లోర్నా అవునంది.

శనివారం వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మేయరు మాట్లాడాడు. కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు పంచారు. లోర్నా ఒకటి తిన్నది. రుచి తెలియలేదు.

సోమవారం అర్జీని ఫైల్లో పెడుతుంటే చివరి కాగితం వెనకవైపు నకలు తీసిన చేతిరాత కనబడింది.

“అయ్యా, ఈ మూడు వందల ఇళ్లూ తిరిగి సంతకాలు తెచ్చినవాణ్ని నేనే, రోడ్డు మధ్యగా సరిహద్దు గీస్తే మా వరస అవతల పడుతుందని సర్వేయరు చెప్పారు, మా నాలుగిళ్ల కోసం ఆపకండి, గీసేయండి — క్లెమ్ హాడో.”