స్పిరిట్టు పెట్రోలు

నడిచెరువులో పడవ ఇంజన్ దగ్గి, దగ్గి ఆగిపోయింది.

"ఏమైందప్పా?" కొండప్ప కంగారుగా లేచాడు.

కంగారు పడడా మరి! పడవలో అతని పెళ్లాం ఈశ్వరి నొప్పులు పడుతోంది. తల్లి చౌడక్క కోడలి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కనే అడ్డంగా కొండప్ప మోపెడ్. అవతలి గట్టున ఆటోలు దొరకవు, ధర్మవరం ఆసుపత్రికి ఇదే దిక్కని పట్టుబట్టి ఎక్కించాడు.

పడవ నడిపే శ్రీనివాసులు ఇంజన్ తాడు లాగాడు. మళ్లీ లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వానలకు దారి తెగినప్పటినుంచి ఊరి జనాన్ని దాటిస్తున్నది అతనే. ఊళ్లో బండ్లన్నీ మూలన పడ్డాయి. పెట్రోలు మిగిలింది ఈ పడవకొక్కదానికే.

చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరువ మీదుగా పొర్లి కిందికి దూకుతున్నాయి. ఆ లాగుడుకి పడవ మెల్లగా అటు తిరిగింది. మరువ దాటి దూకితే కింద అన్నీ బండలే.

"తెడ్డెయ్యబ్బా!" అని అరిచాడు శ్రీనివాసులు.

కొండప్ప చేతులు బొబ్బలెక్కేలా వేశాడు. పడవ మాత్రం పోయేచోటికే పోతోంది.

"పెట్రోలు అయిపోయిందేమో సూడప్పా," అంది చౌడక్క.

"యాడ అయిపోయింది చౌడక్కా? నిన్న సాయంత్రం ఈ గీతకాడికి ఉండె. ఇప్పుడూ ఆడికే ఉండాది."

శ్రీనివాసులు ట్యాంకు అడుగునుంచి కొంచెం గాజుసీసాలోకి వంచి చూశాడు. పైన పలచగా ఎర్రటి పెట్రోలు. కింద తేటగా నీళ్లు.

"వాళ్ల నోట్లో మన్ను బడ! ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లోకి చెరుకు స్పిరిట్టు కలుపుతాండారు. దానికి నీళ్లంటే ప్రాణం. గాల్లో తేమంతా తాగి అడుక్కు దిగుతాది."

"అంతే అంతే! పాడు స్పిరిట్టు!" అన్నాడు కొండప్ప వెంటనే.

"అత్తా, నా వల్ల కాదు!" ఈశ్వరి కేక పెట్టింది. మరువ హోరులో ఆ కేక కూడా సగమే వినిపించింది. చౌడక్క కళ్లు మూసుకుని గంగమ్మకు మొక్కుకుంది.

శ్రీనివాసులు చూపు మోపెడ్ మీద పడింది. "బండిలో గుక్కెడన్నా పెట్రోలుండాదా? దీనికీ దానికీ ఒకటే తిండి, ఆయిలు కలిపిన పెట్రోలు."

కొండప్ప తెడ్డు ఆపాడు.

"నిన్నేనబ్బా! ఉండాదా, లేదా?"

"ఉం... ఉండాది."

శ్రీనివాసులు మూత తిప్పాడు. మూతిదాకా ఉంది, ఎర్రగా మెరుస్తూ.

"బతికించినావు సామీ!"

ఇంజన్లో చేరిన నీళ్లు వంచేశాడు. పైపు కొసను మోపెడ్ ట్యాంకులో దూర్చి, ఊపిరి బిగబట్టి తాడు లాగాడు. పొగ వచ్చింది. ఇంకోసారి లాగాడు. ఇంజన్ గుర్రుమంది!

మరువ రాళ్లు కళ్లకు కనిపించేంత దగ్గర్లో పడవ ముక్కు గట్టువైపు తిరిగింది. కొండప్ప చిన్నపిల్లోడిలా భోరున ఏడ్చేశాడు.

"దారి పడనీ, ఆ బంకోని గొంతు పట్టుకుంటా! నీళ్లమ్మి మనుషుల్ని సంపుతాడా?" అన్నాడు శ్రీనివాసులు.

"పోనీలేప్పా. గండం గడిచె కదా," అన్నాడు కొండప్ప కళ్లు తుడుచుకుంటూ.

చౌడక్క కోడలి మొహం మీది చెమట తుడిచింది. పోయిన ప్రాణం తిరిగొచ్చిన సంతోషంలో కొడుకు వీపు తట్టింది.

"ఏమిరా కొండా, నిన్న మధ్యాన్నం ఆసుపత్రికి పోదాం పదరా అంటే బండిలో చుక్క లేదంటివే! తెల్లారేసరికి ట్యాంకు నిండా యాడిదిరా?"