అమలు తేదీ

మంత్రిగారూ,

ఆలస్యమైతే ఈ కార్డుతో పనే ఉండదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

రాళ్ల క్రషరు దుమ్ముతో జబ్బుచేసి కార్మికుడు పోతే, అతని కుటుంబాన్ని కంపెనీ క్వార్టరు నుంచి వెళ్లగొట్టకూడదన్న మీ బిల్లు రెండు సభల్లోనూ నెగ్గింది. రాష్ట్రపతి సంతకమూ అయింది. పేపరు చదివి వినిపిస్తే, ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డ నాన్న సంతోషంతో మంచంపట్టె చరిచాడు.

"అయితే మీ అమ్మకి నీడ దక్కినట్టేగా?"

"అప్పుడే కాదు నాన్నా. ప్రభుత్వం ఒక తేదీ ప్రకటిస్తుంది. ఆ తర్వాత పోయినవాళ్లకేనట."

"వీళ్ల దుంపతెగ! చావుక్కూడా ముహూర్తమా?"

మొన్నటిదాకా ఆక్సిజన్ గొట్టం పీకేసి, "నన్ను పోనివ్వండ్రా" అని ఏడ్చిన మనిషి, ఇప్పుడు తనే పెట్టమంటున్నాడు.

అమలు ఎప్పటినుంచో ఈ నెల పదిహేనులోగా జవాబు రాయండి. చాలా దూరమైతే దాచకండి. ఇక ఓర్చుకోవద్దని నాన్నకు చెప్పాలి.