చివర నిలబడిన మంగతాయారు

"ఏంటిరా ఇది, సగం చెయ్యే ఉంది! దీనికా రేపు దండ వేసేది?" అన్నాను.

రేపు మా చెల్లెలు మంగతాయారు పెద్దకర్మ. ఇల్లంతా వెతికినా దాని ఫోటో దొరకలేదు. మొగుడు పోయాక కెమెరా కనబడితే చాలు, పక్కకి తప్పుకునేది. నా మనవడు గణేష్‌బాబు నరసాపురంలో వాడి చెల్లి పెళ్లికి తీసిన గ్రూప్ ఫోటోయే దిక్కయింది. అందులోనూ చివరన దాని చెయ్యి మాత్రమే పడింది.

వాడు కంప్యూటర్ ముందు కళ్లు నులుముకున్నాడు. "వెడల్పు లెన్సు అమ్మమ్మా. స్తంభాలు వంగినట్టు పడతాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తనే వాటిని నిటారుగా చేసి, అంచులు కోసేస్తుంది."

"అంచున ఉన్నోళ్లంటే దానికీ లోకువేనా?"

"దానికి మనుషులు తెలీదులే. ఆ కరెక్షన్ తీసేస్తున్నా, చూడు."

మండపం స్తంభాలు కొబ్బరిచెట్లలా వంగాయి. వాటి పక్కన మంగతాయారు, కాస్త సాగినట్టున్నా, నిండుగా కనబడింది.

"చిన్నమ్మమ్మకి ఫోటోలంటే గిట్టదన్నారు కదా?" అన్నాడు వాడు మెల్లగా.

ముందున్న పొడుగు మనిషి పక్కనుంచి మెడ సాచి, మునివేళ్ల మీద లేచి, నేరుగా కెమెరాలోకే చూస్తోంది. నవ్వుతోంది కూడా.

కుర్చీ దగ్గరికి లాక్కుని దాని మొహాన్నే చూశాను.

"గిట్టదనే అనుకున్నాం రా. రేపు దండ వెయ్యడానికి దాన్నొక్కదాన్నే వేరుచేసి ఇవ్వు, తప్పదు. కానీ చుట్టాలందరికీ ఈ ఫోటో మళ్లీ పంపు. స్తంభాలు వంగితే వంగనీ, దాన్ని మాత్రం కొయ్యకు."