మూడో నంబరు మంచం

కామేశ్వరమ్మకు కోడలి మీద ఒక్కటే ఫిర్యాదు. ప్రశ్న అడుగుతుంది, జవాబు వినదు.

"కాఫీయా, టీయా అత్తయ్యా?" అంటుంది. ఈవిడ నోరు తెరిచేలోగా టీ వచ్చేస్తుంది.

"పరీక్షలో నీకిచ్చే కడుపుతో ఉన్న మనిషినైనా కాస్త మాట్లాడనివ్వు తల్లీ," అని దీవించి పంపింది ఆ పొద్దున.

సుప్రజ నవ్వలేదు. కాన్పుల డాక్టరు పీజీ ఒకసారి తప్పింది. ఇది రెండోసారి.

పరీక్ష మేడ్చల్ దారిలో ఆమె చదివిన ఆస్పత్రిలోనే. పరీక్ష కేసుగా మూడో నంబరు మంచం వచ్చింది. గౌడవెల్లి నుంచి వచ్చిన దుర్గాబాయి, ఎనిమిదో నెల.

సుప్రజ నేరుగా పొట్ట మీద చెయ్యి వేసింది.

"కడుపు ఏడికీ పోదు గని, ముందుగాల నన్ను అడుగు బిడ్డా."

"అడుగుతున్నాను కదమ్మా!"

"అడుగుతున్నవ్. ఇంటలేవు."

అచ్చం అత్తగారే. సుప్రజ చెయ్యి తీసేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎన్నో కాన్పు?"

"రెండోది. మొదటిది గీ దవాఖానలనే పోయింది."

"ఏమైంది?"

"రెండొద్దుల సంది బిడ్డ కదుల్తలేదని చెప్పిన. డాక్టరమ్మ తలకాయ ఎత్తలే. రాసుకుంట పోయింది."

సుప్రజ కలం ఆగింది.

"అలాంటి డాక్టర్లూ ఉంటారమ్మా," అంది జాలిగా.

దుర్గాబాయి ఆమెనే చూసింది.

"ఉంటరు బిడ్డా. నేర్సుకుంటరు."

ఎగ్జామినరు వచ్చాడు. సుప్రజ చెప్పిందంతా విని దుర్గాబాయి వైపు తిరిగాడు.

"పాత కాగితాలేమైనా ఉన్నాయా?"

"లేవు సారూ. సెదలు తిన్నయి."

ఆయన సుప్రజను చూసి తల ఊపాడు. "ఈరోజు పేషెంటు చెప్పింది విన్నది నువ్వొక్కదానివే."

గట్టెక్కినట్టే!

సాయంత్రం ఆయా సాలమ్మ దుప్పటి దులుపుతుంటే దిండు కిందినుంచి ప్లాస్టిక్ కవరు పడింది.

"గామె మర్సిపోయినట్టుంది డాక్టరమ్మా."

లోపల మూడేళ్ల కిందటి, 2001 నాటి కేసు కాగితం. చెదలు తినడం అటుంచి, మడత కూడా నలగలేదు. 'బిడ్డ కదలికలు బాగున్నాయి' అని ఇంగ్లీషులో గబగబా గీకి ఉంది. కింద సంతకం.

సుప్రజ గేటు దాకా పరుగెత్తింది. గౌడవెల్లి బస్సు వెళ్లిపోయి గంటయిందట.

ఇంట్లో కామేశ్వరమ్మ ఎదురొచ్చింది. "ఎలా జరిగిందే? ఆవిణ్ణి మాట్లాడనిచ్చావా?"

సుప్రజ కవరులోంచి కాగితం తీసి, కింద ఉన్న సంతకం చూపించింది.

"మూడేళ్ల కిందట కూడా ఆవిడ చెప్పింది అత్తయ్యా... విననిది నేనే."