అరవై ఒకటో బొమ్మ

ఒక మద్రాసు కంపెనీ వీడియో క్యాసెట్లలో సినిమాకు ముందు వచ్చే కదిలే బొమ్మ చిత్తూరు చిత్రకారుడు శఠగోపం గీసిందే. ఒక ఆడమనిషి అటు తిరిగి దీపం వెలిగిస్తుంది, అంతే. దానికోసం భార్య అమృతవల్లిని జ్వరంతోనే వారం రోజులు నిలబెట్టి, అరవై కాగితాల మీద అరవై బొమ్మలు గీశాడు.

"ఇంకా ఎంతసేపు? కాళ్ళు లాగతా ఉండాయి," అనేదామె.

"కదలొద్దు," అనేవాడు.

ముఖం అక్కర్లేదని కంపెనీవాళ్ళు చెప్పారు. అతనూ ముందుకొచ్చి చూడలేదు. ఆ నెల్లోనే ఆమె పోయింది.

క్యాసెట్ చిత్తూరుకు వచ్చిన రోజు, రాత్రి వీడియో అంగడి మూసే వేళకు వెళ్ళాడు.

"ఆ బొమ్మనెవురు సూస్తారప్పా? అందురూ ముందుకు తోసేసేదే," అన్నాడు అంగడి ఏకాంబరం. "నువ్వు సూసుకోని తాళమేసి పో," అని ఇంటికి వెళ్ళిపోయాడు.

శఠగోపం క్యాసెట్ పెట్టాడు. గరగరమంది. దీపం వెలిగింది. ఆమె తల కొంచెం పక్కకు తిరిగింది.

ఆ బొమ్మ అతను గీయలేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. ఈసారి చెవి కమ్మ కనిపించింది. మూడోసారి, చెమట పట్టిన చెంప.

"కదలొద్దు!" అన్నాడు, అలవాటుగా.

గరగర ఆగిపోయింది. ఎవరో ఆయాసంగా ఊపిరి తీస్తున్న చప్పుడు మిగిలింది.

ఇంకొక్కసారి వేస్తే ముఖం కనిపిస్తుంది. అది ఎట్లా ఉండేదో ముందే గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకున్నాడు. జడ గుర్తొచ్చింది, వీపు గుర్తొచ్చింది. ముఖం రాలేదు.

కళ్ళు తెరిచేసరికి క్యాసెట్ దానంతటదే వెనక్కి తిరుగుతోంది.